ఇద్దరూ ఒక్కరేనా?

నా ఫోన్ తెరకి కింద ఒక అంగుళం మేర స్పర్శ పోయింది. పైనంతా నిక్షేపంగా ఉంది. కింద మాత్రం నొక్కినా, బతిమాలినా ఉలకదు, పలకదు. అంగుళమే కదా అనుకుంటాం. ఫోన్ తయారుచేసిన మహానుభావులు ముఖ్యమైనవన్నీ ఆ అంగుళంలోనే సర్దారని అది పోయాకే తెలిసింది. స్పేస్ అక్కడే, ఫుల్‌స్టాప్ అక్కడే, ఫొటోలు చెరిపే చెత్తబుట్ట బొమ్మ కూడా అక్కడే. దాంతో నేను పంపే మెసేజ్‌లన్నీ దీర్ఘ సమాసాలైపోయాయి. "రేపుజ్వరంసెలవుకావాలిసార్" అని పంపిస్తే, మా హెడ్మాస్టరుగారు ఒకప్పటి తెలుగు పండితుడు కాబట్టి పదాలు విడదీసుకుని సెలవిచ్చారు. "రేపొచ్చే జ్వరం ఇవాళే ఎలా తెలిసింది మాస్టారూ?" అని మాత్రం అడిగారు.

సరే, ఫోన్ మార్చాలి. నా మనసులో ఉన్నది పదిహేను వేల ఫోను. గుడివాడలో నేను స్కూలుకెళ్ళే దారిలోనే దొరుకుతుంది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ అదే నెలలో లక్షన్నర చీటీ, ఆఖరిదాకా పాడకుండా ఆగినందుకు, పూర్తిగా చేతికొచ్చింది. ఇంట్లో డబ్బున్న సంగతి బావమరుదులకి ఎలా తెలుస్తుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

"జన్మకో ఫోను కొనుక్కో బావా. కొంటే ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్ కొనాలి. మిగతావి ఫోన్లు కావు" అన్నాడు మావాడు. అతని దగ్గర అదే ఉంది, వాయిదాల మీద. ఎవరింటికెళ్ళినా టీపాయ్ మీద బోర్లా పెడతాడు, కొరికిన యాపిల్ అందరికీ కనబడాలి కదా. ఆ యాపిల్‌కి ఇంకా పద్నాలుగు నెలల వాయిదాలున్నాయి.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి అవతలి పార్టీ. "శాంసంగ్ ఎస్24 అల్ట్రా తీసుకోండి నాన్నా. ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామన్నారు" అన్నాడు. ఏడేళ్ళంటే నేను రిటైరై మూడేళ్ళు దాటాక కూడా అన్నమాట. నాకే మా శాఖ అప్పటికి అప్‌డేట్లు ఆపేస్తుంది, జేబులో ఫోను మాత్రం కొత్త పాఠాలు నేర్చుకుంటూ ఉంటుంది.

ఈ రెండు కంపెనీల సంగతి చదువుతుంటే మా ఊరి గట్టు తగాదాలే గుర్తొచ్చాయి. నా ఫోన్ చూసి నీ ఫోన్ చేశావని 2011లో కోర్టుకెక్కారు. 2018లో గానీ రాజీ పడలేదు. ఈ లోపల ఐఫోన్‌కి తెరలు పంపింది ఎవరయ్యా అంటే, శాంసంగ్ వాళ్ళే. మా పెదనాన్నలూ అంతే. పొలం గట్టు కోసం గుడివాడ కోర్టుకి వేర్వేరు బస్సుల్లో వెళ్ళేవాళ్ళు, సాయంత్రం పాలలోకి తోడు మాత్రం గోడమీంచే అందేది. వాళ్ళ కోసం మేం పిల్లలం కొట్టుకున్నాం. ఇప్పుడు మా అబ్బాయీ, వాడి మేనమామా ఫోన్లో కొట్టుకుంటున్నారు.

నేను లెక్కల మాస్టార్ని. ఇద్దరి మాటా వినకుండా పరీక్ష పెట్టాను. నోటుబుక్కులో రెండు గళ్ళు గీసి మార్కులు వేశాను. విడుదలైనప్పటి ధరలు: ఐఫోన్ 1,59,900, శాంసంగ్ 1,29,999. మొదటిదానికి నా చీటీ 9,900 తక్కువ, రెండోదానికి 20,001 ఎక్కువ. కెమెరా శాంసంగ్‌ది 200 మెగాపిక్సెల్, ఐఫోన్‌ది 48. శాంసంగ్‌కి ఒంట్లోనే దాచుకున్న కలం ఉంది. దానికి ఐదు మార్కులు. ఎర్ర ఇంకుతో రాసేదైతే పది వేసేవాణ్ణి. నీళ్ళలో పడితే ఐఫోన్ ఆరు మీటర్ల లోతులో అరగంట ఉంటుందట, శాంసంగ్ మీటరున్నరలో అరగంట. తీరా కింద సన్నక్షరాలు చదివితే, నీళ్ళు దూరి పాడైతే వారంటీ వర్తించదని ఇద్దరూ రాసుకున్నారు. మావాడికి ఈత బ్రహ్మాండంగా వచ్చు, మునిగితే మాత్రం మాకు సంబంధం లేదు అన్నట్టు. ఇద్దరికీ సున్న. పెట్టెలో ఛార్జరు ఇద్దరూ ఇవ్వరు, వైరు ఇస్తారు. తాడు ఇచ్చాం, బావి మీరు తవ్వుకోండి అని. ఐఫోన్ వాళ్ళు 2020లో ఇది మొదలుపెడితే అవతలివాళ్ళు ఎగతాళి చేశారు. మరుసటి జనవరిలో వాళ్ళూ తీసేశారు. కాపీ కొట్టినవాడికీ, కొట్టనిచ్చినవాడికీ కలిపి మైనస్ రెండేసి మార్కులు.

మొత్తం కూడితే 71, 71.

మోడరేషన్ కోసం బరువులు చూశాను. ఒకటి 221 గ్రాములు, ఇంకొకటి 232. ఈ మాట గట్టిగా చదవడం నా జీవితంలో చేసిన పొరపాట్లలో ఒకటి. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "ఎంత తేడా అన్నారు?"

"పదకొండు గ్రాములు."

"అంటే దగ్గర దగ్గర తులం. ఆ తులమేదో నా చేతికి వేయించండి. ఫోను పాతదే బాగుంది, మీరు మాట్లాడేది తగ్గింది."

ఇక నోటుబుక్కుతో పని కాదని ఆషాఢం మొదటి ఆదివారం విజయవాడ బస్సెక్కాను. బీసెంట్ రోడ్డులో ఒక షాపు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టారు. కౌంటర్లో కుర్రాడిని "రెండింట్లో ఏది మంచిది బాబూ?" అంటే "రెండూ సూపర్ సార్" అన్నాడు. "నువ్వేది వాడతావు?" అన్నాను. జేబులోంచి తీసి చూపించాడు. దాని తెర నా ఫోన్ కంటే అన్యాయంగా పగిలి ఉంది.

"ఈ శాంసంగ్ మా ఓనర్‌గారు కొన్నాళ్ళు వాడి పెట్టింది సార్. డెమో పీసులకుండే లాకులేం ఉండవు. మీకేం కావాలంటే అది చేసి చూస్కోండి" అన్నాడు.

నాకేం కావాలి? మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఆ తెర మీద ఎలా ఉంటాయో చూడాలి. పర్సులోంచి పాస్‌వర్డు రాసుకున్న కాగితం తీసి నా గూగుల్ అకౌంటు అందులో తెరిచాను. "ఇది మీరేనా?" అని నా పాత ఫోన్ అడిగింది. అవును అనే బటన్ షరా మామూలుగా చచ్చిన అంగుళంలో వచ్చింది. ఫోన్ని అడ్డంగా తిప్పి నొక్కాను. కొత్త ఫోను ఇంకా ఏవేవో అడిగింది. పురోహితుడు మమ అనుకోమంటే మంత్రానికి అర్థం అడుగుతామా? అన్నిటికీ సరే, సరే, సరే.

పెళ్ళి ఫొటోలు అద్భుతం. వియ్యపురాలి ముఖంలో అసంతృప్తి కూడా స్పష్టంగా తెలిసింది. తర్వాత వంద రెట్ల జూమ్ పెట్టి ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్ బోర్డు చూశాను. "మినపట్టు" లో "న" కి బదులు "వ" రాసి ఉంది. ఎర్ర ఇంకు కలం లేని లోటు అప్పుడు బాగా తెలిసింది. ఫోటో తీసి పెట్టుకున్నాను. "వచ్చేవారం ఆషాఢం ఆఫర్లు వస్తాయి సార్" అన్నాడు కుర్రాడు. అయితే వచ్చేవారమే వస్తానని సంతోషంగా బస్సెక్కేశాను. అకౌంటు మూసెయ్యాలన్న సంగతి గుడివాడలో దిగాక కూడా తట్టలేదు.

సోమవారం స్కూలు నుంచి వచ్చి ఫొటోలు తెరిస్తే సీలింగ్ ఫ్యాను. ఒకటి కాదు, తొమ్మిది. మా ఇంట్లో ఫ్యాను కాదు. తర్వాత ఒక బొటనవేలు. తర్వాత నాలుక బయటపెట్టిన ఒక పిల్లవాడు. ఫోను ఎక్కడో తడిసి మతి తప్పిందనుకున్నాను. మంగళవారానికి జనం పెరిగారు. మూతి ముడిచిన కుర్రాళ్ళు, కళ్ళద్దాలు నెత్తికెక్కించిన ఒకాయన, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్న నలుగురు కాలేజీ అమ్మాయిలు. చెరుపుదామంటే చెత్తబుట్ట ఆ అంగుళంలో. అడ్డంగా తిప్పి ఒకటి చెరిపేలోపు నాలుగొస్తున్నాయి.

వాళ్ళందరిలో ఒక పెద్దాయన నా దృష్టిలో పడ్డాడు. అరవైకి అటూ ఇటూ ఉంటాడు. గళ్ళ చొక్కా, జేబులో పెన్ను. రోజూ పదకొండు ప్రాంతంలో వస్తాడు, ఒకే ఒక్క ఫొటో తీసుకుంటాడు. నవ్వడు. పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు ఉంటాడు. బుధవారం కాలరు సర్దుకుని తీసుకున్నాడు. గురువారం పక్కన ఒకావిడ ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆయనప్పుడూ నవ్వలేదు.

గురువారం రాత్రే మా ఇంట్లో బాంబు పేలింది. మనవరాలి ఫొటోలు చూద్దామని మా ఆవిడ ఫోన్ తీసింది.

"ఏమండీ, ఈ పచ్చ చుడీదార్ అమ్మాయెవరు?"

"నాకు తెలీదు."

"తెలీకుండానే పదకొండు ఫొటోలా?"

సమాధానం వెతుక్కుంటుంటే ఆ ఫోనే నా కొంప ముంచింది. ఆ వారం ఫొటోలన్నీ గుదిగుచ్చి, సంగీతం జోడించి, నా మధుర జ్ఞాపకాలంటూ ఒక వీడియో తయారుచేసింది. వీణ లాంటిదేదో మోగుతుండగా పచ్చ చుడీదార్, కాలేజీ అమ్మాయిలు, మధ్యలో సీలింగ్ ఫ్యాను మెల్లగా దగ్గరికి వచ్చి వెళ్ళాయి. ఫ్యాన్ గురించి ఆవిడ ఏమీ అడగలేదు.

శుక్రవారం హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములోనే పట్టుకున్నారు. "మాస్టారూ, మీకు పంపిన మెయిల్ వెనక్కి తిరిగొచ్చింది. డబ్బా నిండిపోయిందట." గూగుల్ వాడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిళ్ళూ ఉండాలి, ఫొటోలూ ఉండాలి. ఎవరో మహానుభావుడు ఆ ఫ్యాన్‌ని 200 మెగాపిక్సెళ్ళలో తీశాడు. రెక్క మీద దుమ్ము లెక్కపెట్టుకోవచ్చు. ఇంకెవరో బీసెంట్ రోడ్డు ట్రాఫిక్‌ని ఆరు నిమిషాల వీడియో తీశారు. నా ఇరవై ఏళ్ళ మెయిళ్ళని ఒక ఫ్యాను, నాలుగు ఆటోలు కలిసి తొక్కేశాయి.

ఆ సాయంత్రం పంచాయితీకి మా బావమరిది దిగాడు. మా ఆవిడ కబురు పెట్టింది. కుర్చీలో నిండుగా కూర్చుని, తన యాపిల్‌ని టీపాయ్ మీద బోర్లా పెట్టి, నా ఫోన్ అందుకున్నాడు.

"ఆండ్రాయిడ్‌తో ఇదే గొడవక్కా. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను" అంటూ వేలితో ఒక్కో ఫొటో జరుపుతున్నాడు. కాలేజీ అమ్మాయిల దగ్గర "ఛ" అన్నాడు. పచ్చ చుడీదార్ దగ్గర "ఛ ఛ" అన్నాడు. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది. ఫోన్ని చటుక్కున బోర్లా పెట్టేశాడు.

"ఇవన్నీ సైబర్ మోసాలక్కా. బావ మంచోడు. వదిలెయ్యి."

అంత గబుక్కున తీర్పు చెప్పిన పెద్దమనిషిని మా ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఫోన్ లాక్కుంది. తెర నిండా ఆవిడ తమ్ముడు. ఒక చేత్తో శాంసంగ్ కలం పట్టుకుని, తల వంచి, బట్టతల ఏ కోణంలో తక్కువగా కనిపిస్తుందో పన్నెండు ఫొటోల్లో పరిశోధించాడు. చివరి ఫొటోలో అతని వెనక అద్దంలోంచి టిఫిన్ సెంటర్ బోర్డు, అందులో "మివపట్టు".

ఆ అక్షరం చూశాక నాకు తత్త్వం బోధపడింది. షాపులో నేను మూయకుండా వదిలేసిన అకౌంటులోకే ఆ ఫోన్‌తో ఎవరు తీసిన ఫొటో అయినా వచ్చి పడుతోంది. ముందు గట్టిగా నవ్వాను. తర్వాత బెంగళూరుకి ఫోన్ చేశాను.

"నాన్నా, అకౌంటులో సెక్యూరిటీ, అందులో మీ డివైజులు. ఎస్24 అల్ట్రా కనబడుతోందా? సైన్ అవుట్ నొక్కండి" అన్నాడు మావాడు. బటన్ ఎక్కడుందో చెప్పక్కర్లేదు. అడ్డంగా తిప్పాను. రెండు నిమిషాల పని. "మావయ్యకి ఆ ఫోన్ నచ్చిందా?" అని వాడు స్పీకర్లోనే అడిగాడు. మావయ్య "ఎక్స్‌ఛేంజ్‌లో ఎంతిస్తారో కనుక్కుందామని..." అంటూ చెప్పులేసుకున్నాడు.

చీటీ డబ్బులో సగం శ్రావణ శుక్రవారం నాటికి తులం బంగారమై మా ఆవిడ చేతికెక్కింది. తనకి దొరికిన ఆధారం అంత బలమైనది కాకపోయినా వాడుకునే నేర్పు గొప్పది. నా ఫోన్‌కి గుడివాడ బస్టాండు దగ్గర పద్దెనిమిది వందలకి కొత్త తెర వేయించాను. స్పేస్ పనిచేస్తోంది. హెడ్మాస్టరుగారికి మొదటి మెసేజ్ విడివిడిగా పంపితే, "పాతవే బాగున్నాయి, కొంచెం వ్యాకరణం ఉండేది" అని జవాబొచ్చింది. మార్కుల నోటుబుక్కులో ఇప్పటికీ 71, 71.

కొత్త చెత్తబుట్టతో ఆ వారం ఫొటోలన్నీ చెరిపేశాను. బావమరిదివి పన్నెండూ ఉంచాను, దసరాకి మామూళ్ళ విషయంలో పనికొస్తాయి. పెద్దాయనవి ఎందుకో చెరపబుద్ధి కాలేదు. ఆయన కొన్నాడో లేదో. నాలుగు రోజులు తిరిగినవాడు కొన్నాడంటే నేను నమ్మను.

నిన్న ఫోను ఒక ప్రశ్న వేసింది. రెండు గుండ్రాల్లో రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒక్కరేనా అని అడిగింది. ఒకటి నాది, పెళ్ళి ఫొటోలోది. ఇంకొకటి ఆయనది. కింద మూడు బటన్లు: అవును, కాదు, తెలియదు. మూడూ ఇప్పుడు శుభ్రంగా పనిచేస్తున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని ఇద్దర్నీ పరీక్షగా చూశాను. జేబులో పెన్ను కూడా అదే కంపెనీదిలా ఉంది.

తెలియదు అని నొక్కాను.