రైతును తలచుకునే సభలో చేను ఊసు ఉండాలి

గత నెల విదేశంలోని మన తెలుగు సంఘం హాలులో ఒక సభ్యుని తండ్రిగారి సంతాప సభ జరిగింది. కృష్ణా డెల్టాలోని దివిసీమలో జీవితమంతా సేద్యం చేసిన ఆ పెద్దాయన గురించి మాట్లాడినవారందరూ పిల్లల ఉద్యోగాలు, మనవల పట్టాలు, నయాగరా దగ్గర దిగిన ఫొటోల గురించే చెప్పారు. ఆయనతో పక్క చేలో దున్నిన స్నేహితుడు ఊరి నుంచి వీడియోలో మాట్లాడుతూ 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దగ్గరికి వచ్చేసరికి, భోజనాలకు వేళయిందని నిర్వాహకులు ఆ కాల్ ముగించారు. నాకు చాలా బాధ కలిగింది. ఆ రైతు బతుకు గురించి ఆ సభలో ఎవరైనా చెప్పబోయిన మాట అదొక్కటే.

మా నాన్నగారిదీ ఆ డెల్టాయే. మా పొలం కాలువ చివరి భూముల్లో ఉండేది కనుక, ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీరు ఎగువ ఊళ్ళన్నీ తడిశాకే మాకు చేరేది; అదీ వంతు ప్రకారం, తరచు అర్ధరాత్రి. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన మా మేనత్త చేను మా చేనికి దిగువన ఉంది. నాన్నగారు పార భుజాన వేసుకుని వెళ్ళి, ముందు ఆమె చేనికి మడవ (గట్టులో నీరు వదిలే దారి) తెరిచి, అది నిండేదాకా గట్టు మీదే కూర్చుని, ఆ తరువాతే నీటిని మాకు తిప్పేవారు. మా ఊడ్పులు ఎండిపోతున్న ఒక ఏడాది అమ్మ గట్టిగానే వాదించింది. "దాని చేను ఎండితే అడిగే దిక్కెవరు?" అన్నారాయన, అంతకు మించి జవాబు చెప్పలేదు. ఉప్పెన ఏడు కోతకొచ్చిన వరి ఉప్పునీటి పాలయ్యాక, మరుసటి సార్వాకు (వానాకాలపు పంటకు) అప్పు చేసి తెచ్చిన విత్తనాలలో మొదటి బస్తా ఆమె వాకిట్లోనే దించారు. అయితే మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ అనే కొత్త వరి రకం మా వైపు వచ్చినప్పుడు మాత్రం ముందు మా చేలో వేసి, దిగుబడి చూశాకే ఆమెకు విత్తనం ఇచ్చారు. నీరు ముందు చెల్లెలికి, నష్టం ముందు తనకు అన్నది ఆయన లెక్క.

పిల్లలను కష్టపడి చదివించారన్న వాక్యం ఏ తండ్రికైనా సరిపోతుంది. నీటి వంతునూ విత్తనం బస్తానూ వదిలేస్తే మా నాన్నగారి గురించి చెప్పడానికి మిగిలేది నా ఉద్యోగమే.

నిర్వాహకుల ఇబ్బంది నాకు తెలుసు. హాలు అద్దె గంటల లెక్కన కట్టాలి, మనవలకు ఊరి తెలుగు అందదు. సేద్యం కథలను మరీ తీపిగా చెప్పే ప్రమాదమూ ఉంది. ఊడ్పుల్లో నడుము వంచిన కూలీ స్త్రీలు, పశువుల చాకిరీ అంతా మోసిన మా అమ్మ, ఇంటి మనుషులు సహించిన నాన్నగారి మొండితనం కూడా ఆ కథలోకి రావాలి. అయినా కార్యవర్గానికి నా విన్నపం ఇదే: ఇకపై ఊరి నుంచి మాట్లాడే మనిషికి మొదటి అవకాశం ఇవ్వండి. సంఘం పత్రికలోని శ్రద్ధాంజలి పుటలో హోదాల కంటే ముందు, ఆయన ఏ కాలువ కింద, ఏ పంట, ఎవరితో కలిసి, ఎవరి కోసం పండించారో అచ్చు వేయండి. తల్లిదండ్రులు ఊళ్ళో ఉన్నవారు ఈ ఆదివారం ఫోనులో ఆ సంగతులు అడిగి రాసిపెట్టుకోండి. సభలో పిల్లల పక్కన కూర్చుని ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పే పని నాకు అప్పగించండి.