ఖాతా ముందు, కార్డు తర్వాత

పద్దెనిమిదేళ్ల పిల్లల చేతికి బ్యాంకు ఖాతా, క్రెడిట్ కార్డు ఇవ్వవచ్చా అన్న ప్రశ్న వస్తే మన ఇళ్లలో రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడతారు. చేతికి డబ్బు అందితే చెడిపోతారని కొందరు రెండూ వద్దంటారు. కాలం మారింది కదా, రెండూ ఉండాలని మరికొందరు అంటారు. ఇద్దరిదీ పొరపాటే. ఖాతాలో ఉండేది తన డబ్బు, కార్డుతో ఖర్చు పెట్టేది బ్యాంకు డబ్బు. ఖాతా ప్రతి యువతికీ, యువకుడికీ ఉండి తీరాలి, అదీ పద్దెనిమిది నిండేదాకా ఆగకుండా. కార్డుకు సొంత సంపాదన మొదలవ్వాలి, వచ్చిన జీతం ఎటు పోతోందో చూసుకునే అలవాటు పడాలి. అప్పటిదాకా అది లేకపోయినందువల్ల ఏ విద్యార్థికీ ఏ లోటూ రాదు.

ఖాతా విషయంలో మన కుటుంబాల కంటే నిబంధనలే ముందున్నాయి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరిట పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకొనేందుకు రిజర్వు బ్యాంకు 2014లోనే దారి చూపింది. 2025 ఏప్రిల్‌లో ఆ మార్గదర్శకాలను సవరించి మరింత స్పష్టం చేసింది. అలాంటి ఖాతాలకు ఏటీఎం కార్డు, ఇంటర్నెట్ బ్యాంకింగ్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు తన విచక్షణతో నిర్ణయించుకోవచ్చు. ఖాతాలో లేని డబ్బును వాడుకోనివ్వడం మాత్రం కుదరదు. ఇంతకంటే క్షేమంగా డబ్బుతో మెలగడం నేర్చుకునే చోటు పిల్లలకు మరొకటి దొరకదు. కనీస నిల్వ ఉంచలేమన్న భయం కూడా అక్కర్లేదు. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాల్లోనూ, అన్ని బ్యాంకులూ తెరవవలసిన ప్రాథమిక పొదుపు ఖాతాల్లోనూ కనీస నిల్వ నిబంధనే లేదు. ఐదు లక్షల రూపాయల వరకు డిపాజిట్‌కు బీమా ఉంది.

అయినా చాలా ఇళ్లలో జరిగేది వేరు. ఖాతా పిల్లల పేరిట ఉంటుంది, దానికి జతచేసిన ఫోను నంబరు తండ్రిది. ఏటీఎం కార్డు బీరువాలో ఉంటుంది, పిన్ అన్నకు తెలుసు. ఉపకార వేతనం పడిందో లేదో విద్యార్థికి మరొకరు చెబితేనే తెలుస్తుంది. పద్దెనిమిది నిండగానే కొత్తగా సంతకం నమూనా ఇచ్చి, ఖాతా నడిపే అధికారాన్ని తన పేరిట రాయించుకోవాలన్న సంగతి ఎవరూ చెప్పరు. లావాదేవీ ఆగిపోయాక బ్యాంకుకు పరుగెత్తుతారు. పేరుకే ఖాతాదారుగా ఉన్న ఆ పిల్లలు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే జీతం, ప్రావిడెంట్ ఫండ్, బీమా, పన్ను కోత అన్నీ ఒక్కసారిగా ఎదుర్కోవాలి.

ఆడపిల్లల విషయంలో ఇది మరింత బాధాకరం. బట్టల దుకాణంలోనో, ఆసుపత్రిలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఉద్యోగం చేస్తూ జీతం తన ఖాతాలోనే పడుతున్నా, ఏటీఎం కార్డు మాత్రం పెళ్లికి ముందు తండ్రి దగ్గర, పెళ్లయ్యాక భర్త దగ్గర ఉండే ఇళ్లు మనకు తెలియనివి కావు. ప్రేమతోనే అలా ఉంచుకున్నామని వారు అనవచ్చు. కానీ తన కష్టార్జితాన్ని తీసుకోవడానికి ఒకరిని అడగవలసిన స్థితిలో ఉన్న అమ్మాయి, ఆ ఇంట్లో ఏదైనా జరగరానిది జరిగితే బయటికి రావడానికి బస్సు చార్జీకి కూడా వెతుక్కోవాలి. కూతురికి బంగారం కూడబెట్టే తల్లిదండ్రులు ఆమె ఖాతా, ఆమె ఫోను నంబరు, ఆమె పిన్ ఆమె చేతిలోనే ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలని ఈ పత్రిక గట్టిగా కోరుతోంది.

ఖాతా ఉండి, దాని విలువ తెలియకపోవడంలోనూ ప్రమాదం ఉంది. మీ ఖాతా కొద్దిరోజులు మాకివ్వండి, కమీషన్ ఇస్తాం అంటూ సైబర్ నేరగాళ్లు విద్యార్థులకు, ఉద్యోగం వెతుక్కునే వారికి వల వేస్తున్నారు. ఎక్కడో ఒక విశ్రాంత ఉద్యోగిని బెదిరించి కాజేసిన సొమ్ము ఈ అద్దె ఖాతాల్లో పడి, అక్కడి నుంచి చేతులు మారుతుంది. పోలీసులు మొదట చేరేది ఖాతాదారు ఇంటికే. ఖాతా స్తంభించిపోతుంది, కేసులో పేరు చేరుతుంది. ఐదు వేలకో పదివేలకో ఆశపడి భవిష్యత్తును తాకట్టు పెట్టిన పిల్లలకు, ఇది నేరమని ముందుగా ఎవరైనా చెప్పారా? ఇలాంటి ఖాతాలను పసిగట్టేందుకు రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ మ్యూల్‌హంటర్ అనే సాధనాన్ని తయారు చేసింది. మంచిదే. కానీ కళాశాలలో ఒక గంటసేపు చెబితే ఆగే తప్పులు చాలా ఉన్నాయి. మోసపోయిన వెంటనే 1930కి ఫోను చేయాలన్నది ఇంటర్ విద్యార్థి ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి.

ఇక కార్డు సంగతి. తెలుగువారికి ఇది కొత్త వస్తువు కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఈ రంగానికి బాట వేసిన వాటిలో ఒకటిగా నిలిచింది. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైన ఆ సంస్థ కార్డును తెచ్చిన కాలానికీ ఇప్పటికీ పోలిక లేదు. అప్పట్లో కార్డు కోసం మనిషి బ్యాంకును వెతుక్కుంటూ వెళ్లేవాడు. ఇప్పుడు మాల్ గుమ్మంలో, మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర, ఫోను తెరపై కార్డే మనిషిని వెతుక్కుంటూ వస్తోంది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసే సదుపాయం 2022లో వచ్చాక, చాయ్ కొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఖర్చయ్యేది తన డబ్బా, అప్పా అన్న తేడా కూడా కంటికి ఆనడం లేదు.

బిల్లును గడువులోగా పూర్తిగా కట్టేవారికి కార్డు మేలే చేస్తుంది. నెల పైచిలుకు రోజులు వడ్డీ లేకుండా డబ్బు వాడుకోవచ్చు, ప్రయాణ బుకింగులకు, హఠాత్తుగా వచ్చే ఆసుపత్రి ఖర్చుకు పనికొస్తుంది. ఆ మేలును మేము కాదనడం లేదు. పూర్తిగా కట్టలేని నెలలో ఏమవుతుందో ఇరవయ్యేళ్ల యువతకు ఎవరూ చెప్పకపోవడమే మా ఆందోళన.

పల్లెలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఎంత అవసరంలో ఉన్నవారైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. చాలా క్రెడిట్ కార్డులపై వడ్డీ నెలకు మూడున్నర శాతం, కొన్నింటిపై అంతకన్నా ఎక్కువ. నూటికి మూడున్నర రూపాయలన్నమాట. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఏడాదికి దాదాపు 50 శాతం. యాభై వేల బకాయి ఉన్న యువకుడు బిల్లులో కనిపించే కనీస మొత్తం ఐదు శాతం, అంటే 2,500 రూపాయలు కట్టి హమ్మయ్య అనుకుంటాడు. అందులో 1,750 వడ్డీకి, 315 ఆ వడ్డీపై పన్నుకు పోతాయి. అసలులో తగ్గేది 435 రూపాయలు. పైగా పాత బకాయి ఉండగా కొత్తగా ఏది కొన్నా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. కార్డుతో ఏటీఎం నుంచి నగదు తీస్తే రుసుముతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే అప్పు తీరడానికి ఏళ్లు పడుతుందన్న హెచ్చరికను బిల్లులో ముద్రించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఫోనులో కట్టు అన్న మీట ఒక్కటే చూసే తరానికి ఆ వాక్యం ఎంతవరకు చేరుతుంది?

వడ్డీకి ఒక హద్దు ఉండాలన్న ప్రయత్నం జరిగింది. ఏడాదికి 30 శాతం దాటితే అది అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తేల్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఆ అడ్డుకట్ట ఇప్పుడు లేదు. హామీ లేని అప్పుల పోకడపై నియంత్రణ సంస్థకే ఆందోళన ఉందనడానికి 2023 నవంబరు నిర్ణయం నిదర్శనం. కార్డు బకాయిల విషయంలో బ్యాంకుల రిస్కు భారాన్ని, అంటే ఆ అప్పులకు ఎదురుగా ఎంత మూలధనం ఉంచాలో లెక్కగట్టే కొలతను, రిజర్వు బ్యాంకు అప్పుడు 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది.

యువతకు కార్డు అంటగట్టేవారు చెప్పే పెద్ద మాట సిబిల్ స్కోరు, అంటే అప్పులు తీర్చిన తీరును బట్టి వేసే మార్కు. ఇప్పుడే కార్డు తీసుకోకపోతే రేపు ఇంటికి అప్పు పుట్టదని భయపెడతారు. రుణ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగే వారి దరఖాస్తును తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు చెప్పిందని, కనీస స్కోరు అంటూ ఏదీ నిర్ణయించలేదని కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఆగస్టులో పార్లమెంటుకు తెలిపింది. చరిత్ర లేకపోవడం కన్నా చెడిపోవడమే అసలు నష్టం. నంద్యాలలో, హైదరాబాద్‌లో గదులు అద్దెకు తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదివే వేలమంది పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. ఉద్యోగంలో చేరే నాటికి రుణ చరిత్ర సక్రమంగా ఉండాలన్న షరతు, ఆ పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ప్రకటనల్లో ఉంటోంది. ఒక ఫోను కోసం తీసుకున్న అప్పు ఎగవేత, ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న ఉద్యోగానికి అడ్డు నిలవవచ్చు. నాలుగు రుణ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. ఎన్ని ఇళ్లలో పిల్లలు దాన్ని తీసి చూశారు?

అమెరికా వెళ్లే మన విద్యార్థుల పరిస్థితి వేరు. అక్కడ రుణ చరిత్ర లేకపోతే అద్దె ఇల్లు దొరకడమే కష్టం, కార్డు తీసుకోక తప్పదు. కానీ కార్డులకు పుట్టినిల్లయిన ఆ దేశమే 2009లో చట్టం చేసి, 21 ఏళ్లలోపు వారికి సొంతంగా తీర్చగల స్తోమత ఉన్నట్లు రుజువుండాలని, లేదంటే మరో పెద్దవారు పూచీ పడాలని కట్టడి పెట్టింది. కళాశాల ఆవరణల్లో కానుకలు చూపి కార్డులు అంటగట్టడాన్ని అడ్డుకుంది. అక్కడి యువత అప్పుల్లో కూరుకుపోయాక తెచ్చుకున్న చట్టమది. మనం అంతదాకా ఎందుకు ఆగాలి?

చేతికందిన అప్పు ఎంత ప్రమాదమో ఈ నేలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒకే ఇంటికి నాలుగైదు సూక్ష్మరుణ సంస్థలు పోటీపడి అప్పులిచ్చి, వసూళ్ల వేధింపులతో ప్రాణాలు తీసుకునే స్థితి తెచ్చినప్పుడు, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, రుణ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో యువకులు బలయ్యాక హైదరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల తలుపులు తట్టారు. రెండుసార్లూ కుటుంబాలు మూల్యం చెల్లించాకే ప్రభుత్వాలు కదిలాయి.

ఇదే నేలపై పొదుపు సంఘాల మహిళలు మరో పాఠం కూడా రాశారు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన తల్లులు సంఘం పుస్తకం ముందు పెట్టుకుని, ఎవరికి ఎంత అప్పు, దేనికోసం, ఏ నెలలో తీరుస్తారు అని అందరిలో మాట్లాడి తీర్మానం రాసుకున్నారు. పొదుపు చేసి చూపించాకే వారికి బ్యాంకు అప్పు అందింది. డిగ్రీ చదివిన కొడుకు కంటే బ్యాంకు మేనేజరుతో ఆ తల్లే ధీమాగా మాట్లాడగలదు. ఆర్థిక పాఠాలు చెప్పడానికి నగరాల నుంచి నిపుణులను పిలిపించే జూనియర్ కళాశాలలు, అదే ఊళ్లో సంఘం లెక్కలు రాసే మహిళను ఒక్కసారైనా తరగతి గదికి ఆహ్వానించాలి.

బ్యాంకుల బాధ్యత గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. అడగని కార్డు పంపరాదని, పంపి బిల్లు వేస్తే ఆ చార్జీలు రద్దు చేసి, వాటికి రెట్టింపు జరిమానా కట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. కార్డుదారు అనుమతి లేకుండా కార్డు పరిమితి పెంచరాదు. కార్డు రద్దు చేయమంటే ఏడు పని దినాల్లో చేయాలి, బకాయి లేకపోయినా చేయకుంటే రోజుకు 500 రూపాయలు చెల్లించాలి. వసూలు కోసం కుటుంబసభ్యులను, స్నేహితులను బెదిరించరాదు. ఈ హక్కులు తెలిసిన యువత ఎంతమంది? బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పరిష్కార అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చని, అందుకు రుసుము లేదని దరఖాస్తు నింపించే ఏజెంటు చెప్పడు. ఎన్ని కార్డులు అమ్మితే అంత కమీషన్ అన్న లెక్క మీద బతికే వ్యక్తిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆ లెక్క పెట్టిన బ్యాంకులే జవాబు చెప్పాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇంటర్ ప్రవేశాల సమయంలోనే ప్రతి విద్యార్థికీ సొంత ఫోను నంబరుతో, సొంత సంతకంతో ఖాతా ఉండేలా బ్యాంకులను కళాశాలలకు రప్పించాలి. అదే రోజు అక్కడ కార్డుల అమ్మకం సాగకుండా చూడాలి. రిజర్వు బ్యాంకు చేయవలసినది మరొకటి ఉంది. 21 ఏళ్లలోపు, సొంత సంపాదన లేని వారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ పూచీపై తప్ప క్రెడిట్ కార్డు ఇవ్వరాదని, కళాశాలల ఆవరణల్లో కార్డులు అమ్మరాదని స్పష్టంగా నిర్దేశించాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. క్రెడిట్ కార్డులపై ఇప్పుడున్న ఆదేశాలకు ఒక్క సవరణ చాలు.