బావమరిది ఆపని కాశీయాత్ర

మా పెళ్ళిలో నేను కాశీకి బయల్దేరాను. చేతిలో గొడుగు, కాళ్ళకు పావుకోళ్ళు, భుజం మీద కండువా. కల్యాణమండపం గుమ్మం దాటి పదడుగులు వేశానో లేదో, మా బావమరిది పరుగెత్తుకొచ్చి, "బావా, ఇప్పుడు కాశీ ఎందుకు? మా అక్కని చేసుకుని హాయిగా ఇంట్లో ఉండండి" అని బతిమాలి నోట్లో బెల్లం ముక్క పెట్టాడు. బెల్లం తిన్నాక మాట తప్పకూడదని వెనక్కి తిరిగాను. ఇరవై రెండేళ్ళు కదల్లేదు. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున అదే అక్క "పది రోజులు, ఆరు దేశాలు, రోజూ ఇండియన్ భోజనం" అన్న కరపత్రం తెచ్చి నా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. బావమరిదికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

సొంత గోడు వెళ్ళబోసుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. భార్యాభర్తలు జంటగా వెళ్ళి లోకప్రసిద్ధ నగరాలు చూసి రావడమనే ఆచారం మనవాళ్ళలో ఇంత త్వరగా ఎలా పాతుకుపోయిందో నిష్పక్షపాతంగా విచారించడానికి రాస్తున్నాను. వృత్తిరీత్యా నేను దస్తావేజు లేఖరిని. హద్దులు చూడటం, లొసుగులు వెతకడం అలవాటు. పైగా ఐరోపా ఒకసారి, లండన్ ఒకసారి చూసినవాణ్ణి. నా విచారణలో తేలింది ఏమిటంటే, మనం తీర్థయాత్రలు మానలేదు. క్షేత్రాల జాబితా మార్చుకున్నాం, అంతే.

1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి అని దారి పొడుగునా రాసుకుంటూ వెళ్ళారు. మా బస్సులో ఉన్న నలభైమందీ రాసుకున్నవి ఆ రెండు విషయాలే. నీళ్ళ సీసా ఎక్కడ చవక, ఇండియన్ షాపు ఏ మలుపులో ఉంది. ఆయనకు పదిహేను నెలలు పట్టింది కాబట్టి మధ్యలో కాస్త దేశం కూడా కనిపించింది.

పూర్వం కాశీకి వెళ్ళేవాళ్ళు అప్పగింతలు పెట్టి, ఆస్తి పంపకాలు చేసి మరీ బయల్దేరేవారు. ఇప్పుడా తంతు పేరు షెంజెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే అనుమతి. మనిషికి 90 యూరోలు రుసుము. వీసా రాకపోతే రుసుము వెనక్కి రాదు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, మూడేళ్ళ ఐటీ రిటర్నులు, తిరుగు టికెట్టు, హోటలు రసీదులు అడిగారు. పెళ్ళిచూపులప్పుడు మా మామగారు ఇందులో సగం అడిగినా ఈ పెళ్ళి జరిగేది కాదు. వీటితోపాటు 30,000 యూరోల బీమా. షరతులు చదవడం నా వృత్తి గనుక చదివాను. వెళ్ళినవాడు అక్కడే పోతే భౌతికకాయాన్ని స్వదేశం చేర్చే ఖర్చు కూడా ఆ బీమాలో ఉండి తీరాలి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న మన సామెత మనం మరిచిపోయినా ఐరోపావాళ్ళు భద్రంగా దాచుకున్నారు.

కాశీకి వెళితే ఇష్టమైనదేదో వదిలి రావాలి కదా. ఐరోపా క్షేత్రంలో ఆ నియమం ఇంట్లో పెట్టె సర్దేటప్పుడే మొదలవుతుంది. బయటిదేశాల నుంచి పాల పదార్థాలు తేకూడదని యూరోపియన్ యూనియన్ చట్టం. అంటే నెయ్యి రాదు. నెయ్యి లేని కందిపొడితో పది రోజులు! మా నాన్నగారి సంవత్సరీకంలో కూడా ఇంత నిష్ఠగా లేను. ఇక పెద్ద పెట్టెలో పట్టక ఆవకాయ సీసాను చేతిసంచిలో పెట్టుకున్నాం. విమానంలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం చేత్తో పట్టుకెళ్ళకూడదు. ఆవకాయ ద్రవమా, ఘనమా? ముక్క ఘనమని మా ఆవిడ వాదించింది. నూనె మాటేమిటని సెక్యూరిటీ అబ్బాయి అడిగాడు. సీసాను వెలుతురుకేసి తిప్పి చూసి, ద్రవమని తీర్పిచ్చి డబ్బాలో పడేశాడు. ఆ కేసు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలో ఇప్పటికీ విచారిస్తున్నాను. బాత్‌రూముల్లో వదులుకున్న దాని గురించి రాయను. ఒక్కొక్కచోట లోపలికి వెళ్ళడానికి ఒక యూరో తీసుకుని మరీ లోపల చెంబు పెట్టకపోవడం ఒప్పందం ఉల్లంఘన కిందికి వస్తుందని మాత్రం వృత్తిరీత్యా నమోదు చేస్తున్నాను.

మొదటి క్షేత్రం ప్యారిస్. ఈఫిల్ టవర్ 1889 ప్రదర్శన కోసం కట్టింది. ఇరవై ఏళ్ళ అనుమతి, ఆ తర్వాత విప్పేయవచ్చు. అంటే పుష్కరాలకు వేసే షెడ్డులాంటిదన్నమాట. గడువు దగ్గర పడేసరికి వైర్‌లెస్ సందేశాలు పంపడానికి పనికొస్తుందని తేలి, ఊరి నెత్తిన అలాగే ఉండిపోయింది. లీజు ముగిసినా ఖాళీ చేయని అద్దెదారుల్ని నేను చాలామందిని చూశాను కానీ 330 మీటర్ల వాణ్ణి అక్కడే చూశాను. చీకటి పడ్డాక గంటకోసారి ఐదు నిమిషాలు ఇరవై వేల దీపాలు మిలమిలలాడతాయి. ఆ ఐదు నిమిషాలూ భర్తలందరూ నేల మీద ఒక మోకాలు ఆనించి ఉన్నారు. చూసినవాళ్ళు ప్రేమ ప్రకటన అనుకుంటారు. ఫోటోలో భార్య తలా, టవర్ కొనా రెండూ పడాలంటే కెమెరా అంత కింద ఉండాలి. వైదిక కర్మల్లో భర్తకు బోలెడు పనులు. ఈ యాత్రలో మిగిలింది ఇదొక్కటే. అదీ సరిగ్గా రాకపోతే, "ఏమండీ, పాదాలు కోసేశారు" అని ప్రాయశ్చిత్తం చేయిస్తారు.

ఆ ఊళ్ళోనే పాన్ దెజార్ అనే వంతెన ఉంది. ప్రేమికులు దాని కమ్మీలకు తాళం వేసి, తాళంచెవి సీన్ నదిలో విసిరేసేవారు. 2014లో ఆ బరువుకు కమ్మీలో కొంత భాగం ఊడి పడింది. మరుసటి ఏడు మున్సిపాలిటీవాళ్ళు మొత్తం తీయిస్తే 45 టన్నుల తాళాలు తేలాయి. ఈ సంగతి గైడు చెబుతుండగా మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఎంత ప్రేమ అనుకునేలోపు, "పెరటి తలుపుకి తాళం వేశారా?" అంది.

ఇక లూవ్ర్ మ్యూజియం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఆ క్యూ కూడా ఆగింది. మోనాలిసా 77 సెంటీమీటర్ల పొడవు, 53 వెడల్పు. కిరాణా కొట్టువాళ్ళు ఉగాదికి ఇచ్చే క్యాలెండరు కన్నా కాస్త పెద్దది. తూటాలు దిగని గాజు వెనక ఉంటుంది. మా ముందు ఒక ఖండానికి సరిపడా జనం చేతులెత్తి ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ ఫోన్లలో నాకు నలభై మోనాలిసాలు కనిపించాయి. గోడ మీదున్నది మాత్రం కనబడలేదు. కనబడకపోయినా ఫర్వాలేదని చరిత్ర చెబుతోంది. 1911 ఆగస్టులో ఒక ఇటలీ పనివాడు ఆ బొమ్మను ఎత్తుకుపోతే, అది ఉండాల్సిన ఖాళీ గోడను చూడటానికి జనం బారులు తీరారు. రెండేళ్ళకు పైగా తర్వాత గానీ అది తిరిగి రాలేదు. మూలవిరాట్టు లేకపోయినా దర్శనాలు ఆగని క్షేత్రం ఇంకెక్కడుంది?

ప్రభుత్వానికి ఇక్కడొక విన్నపం. లూవ్ర్‌వాళ్ళు రోజుకు 30,000 మందినే రానిస్తున్నారు, అంతకన్నా ఎక్కువైతే తట్టుకోలేమంటున్నారు. తిరుమలలో చాలా రోజులు 60,000 మందికి తక్కువ ఉండరు. "జరగండి, జరగండి" అన్న ఒక్క మాటతో అంత జనాన్ని నడిపించే మన సేవకుల్ని ఓ పదిమందిని ఒప్పందం మీద ప్యారిస్ పంపితే, ఆ బొమ్మ అందరికీ అర క్షణం దక్కుతుంది. అర క్షణం చాలని మనకు తెలుసు. వాళ్ళకింకా తెలియలేదు.

ఇంతకీ ఆ గదిలో నన్ను బాధించిన విషయం వేరే ఉంది. మోనాలిసాకు ఎదుటి గోడ మీద వెరొనీస్ అనే వెనిస్ చిత్రకారుడు 1563లో పూర్తి చేసిన బొమ్మ ఉంది. దాదాపు పది మీటర్ల వెడల్పు. లూవ్ర్‌లో అంతకన్నా పెద్ద బొమ్మ లేదు. విషయం ఏమిటయ్యా అంటే, పెళ్ళి భోజనం. నూటికి పైగా జనం, బల్లల నిండా వంటకాలు, మేళగాళ్ళు, కుక్కలు, అన్నీ ఉన్నాయి. విందు నడుస్తుండగా ద్రాక్షరసం అయిపోతే ఏసు నీళ్ళను ద్రాక్షరసంగా మార్చిన ఘట్టం. పంక్తి మధ్యలో సరుకు చాలకపోవడం ఎంత ప్రమాదమో మనకన్నా తెలిసినవాళ్ళు ఉండరు. అలాంటిది, మా బస్సులో వచ్చిన తెలుగువాళ్ళందరూ పెళ్ళి భోజనానికి వీపు పెట్టి నిలబడ్డారు! నా జీవితంలో ఇలాంటిది చూడటం అదే మొదలు. మా ఆవిడ ఒక్కతే వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది. "ఇందులో మగపెళ్ళివారు ఎటువైపు కూర్చున్నారండీ?" అని అడిగింది. ఆ బొమ్మను 1797లో నెపోలియన్ సైన్యం వెనిస్ నుంచి పట్టుకొచ్చిందని గైడు చెప్పాడు. దస్తావేజు ఉందా అని అడుగుదామనుకున్నాను. జెండా కర్ర పట్టుకుని ముందుకెళ్ళిపోయాడు. గయలో పండాలు కూడా ఇంత తొందర పెట్టరు.

మధ్యలో కొన్ని ఉపక్షేత్రాలు. బ్రస్సెల్స్‌లో మూడడుగులు కూడా లేని కంచు పిల్లవాడు వీధి మూల నిలబడి ఒంటేలు పోస్తుంటాడు. వాడికి వెయ్యికి పైగా దుస్తులున్నాయి, వాటికో మ్యూజియం కూడా ఉంది. నా దగ్గర పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కాలు రెండు. పీసాలో వాలిన గోపురం మీదికి ఎవర్నీ ఎక్కనివ్వకుండా 1990లో మూసేసి, ఎత్తుగా ఉన్న వైపు మట్టి తోడి, 2001లో తెరిచారు. పూర్తిగా నిటారు చేస్తే మనలాంటివాళ్ళు రారన్న ఇంగితంతో కాస్త వంకర మిగిల్చారు. వెనిస్‌వాళ్ళు 2024 నుంచి కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర ఊళ్ళోకి రావడానికే కనీసం ఐదు యూరోలు తీసుకుంటున్నారు. మనవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్రత్యేక ప్రవేశ దర్శనం మనకు కొత్తా? ఆరు దేశాల్లో ఆరోది వాటికన్. విస్తీర్ణం 110 ఎకరాల లోపు, హద్దులు నాలుగు వైపులా ఇటలీ. ఇంత సులువైన హద్దుల షెడ్యూలు నేను ఎన్నడూ రాయలేదు. మేం వెళ్ళేసరికి సమయం మించిపోయింది. బయటి నుంచే దండం పెట్టుకుని దేశం లెక్కలో వేసుకున్నాం.

రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్ దగ్గర మాత్రం మాకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. నీళ్ళకు వీపు పెట్టి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్ళీ రోమ్ వస్తారట. ఏటా పది లక్షల యూరోలకు పైగా పోగవుతాయి, ఆ డబ్బు పేదల సాయానికి వెళుతుంది. రాజమండ్రి వంతెన మీద రైలు వెళుతుంటే కిటికీలోంచి గోదావరిలో బిళ్ళ వేసే జాతికి ఇదో లెక్కా? పైగా మనం కదిలే రైలులోంచి, కమ్మీల సందుల్లోంచి వేస్తాం. యూరో వెయ్యడానికి చెయ్యి రాక నేను రెండు రూపాయల బిళ్ళ వేశాను. "రెండు రూపాయలకి రోమ్ దాకా ఏం తెస్తారు, శంషాబాద్‌లో దింపేస్తారు" అంది మా ఆవిడ.

అక్కడి నుంచి స్పానిష్ మెట్లకు తీసుకెళ్ళారు. దర్శనమయ్యాక కాసేపు కూర్చుని లేవడం మన శాస్త్రం. కూర్చోబోయాను. ఈల వినిపించింది. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చోకూడదట, కూర్చుంటే 400 యూరోల దాకా జరిమానా. నూట ముప్ఫైకి పైగా మెట్లు కట్టుకుని, కూర్చోవద్దనే ఊరిని చూడటానికి నేను మొత్తం నడిచింది ఎంతో నా మోకాళ్ళకు తెలుసు.

రెండో యాత్ర లండన్‌కు, మళ్ళీ వేరే వీసా మీద. టవర్ ఆఫ్ లండన్‌లో రాజకుటుంబం నగలుంటాయి. కిరీటాల ముందు జనం ఆగకుండా నేలే కదిలేలా పట్టీ వేశారు. "జరగండి" అనడానికి మనుషులు కూడా అక్కర్లేదు. ఈ విషయంలో మాత్రం ఇంగ్లీషువాళ్ళు మనల్ని దాటిపోయారని ఒప్పుకోవాలి. ఆ పట్టీ మీద నిలబడి, 1937 నాటి ఒక కిరీటంలో ఉన్న కోహినూరును చూశాం. మా ప్రాంతంలో, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే రాయి. ఇప్పుడు ఆ గని పులిచింతల నీళ్ళ కింద ఉంది, రాయి గాజు కింద ఉంది. 1849లో లాహోర్ ఒప్పందం ప్రకారం తీసుకున్నామంటారు. ఆ ఒప్పందం నాటికి రాయి ఇచ్చిన సిక్కు మహారాజు దులీప్ సింగ్ వయసు పదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను, మైనరు చేత రాయించుకున్నది ఏ రిజిస్ట్రారూ ఒప్పుకోడు. ఈ మాట మా ఆవిడకు చెబుదామని తిరిగేసరికి పట్టీ మమ్మల్ని అవతల దింపేసింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఎక్కాం. మూడోసారి ఎక్కినప్పుడు కాపలావాడు చిరునవ్వు నవ్వాడు. "మన రాయే కదండీ, ఇంకోసారి చూద్దాం" అంది మా ఆవిడ. నాలుగోసారి కూడా ఎక్కాం.

కాశీ నుంచి వస్తే సమారాధన చేసి గంగచెంబులూ కాశీతాళ్ళూ పంచేవారు. మేం చాక్లెట్లూ, ఫ్రిజ్జు మీద అంటించే అయస్కాంతపు బిళ్ళలూ పంచాం. ఈఫిల్ టవర్ బిళ్ళ వెనక చైనాలో తయారైందని రాసి ఉంది. వీధిలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. ప్యారిస్ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. "అక్కడ భోజనానికి ఇబ్బంది పడ్డారా?" అని తొమ్మిది ఇళ్ళవాళ్ళూ అడిగారు. పడ్డామని చెప్పాం. సంతోషంగా వెళ్ళిపోయారు.

పోయిన వారం మా ఆవిడ టోక్యో కరపత్రం తెచ్చింది. ఈసారి నేను ఫోన్ మీద నమ్మకం పెట్టుకోలేదు. అటక మీంచి పెళ్ళినాటి గొడుగు దింపి, దులిపి, గుమ్మంలో నిలబడి బావమరిదికి కబురు పంపాను. అరగంటలో వచ్చాడు. చేతిలో బెల్లం లేదు, పాస్‌పోర్టులున్నాయి. వెనక వాళ్ళావిడ.

"ఆగండి బావా," అన్నాడు. "నలుగురైతే తలకి పదివేలు తగ్గిస్తారట."