మహారాజశ్రీ ఫిష్‌ఐ జూమ్ లెన్సు గారి సముఖమునకు

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు షోకేసులో క్షేమం, నా బ్యాంకు బ్యాలెన్సు ఇప్పటిదాకా క్షేమం. పగలు తమరిని కార్టులో పెట్టడం, రాత్రి పడుకోబోయే ముందు తీసేయడం నాకు నిత్యకృత్యమైపోయింది. ఈ టెన్షన్ పడలేక, అడగాల్సినవి మొహమాటం లేకుండా అడిగేద్దామని ఈ ఉత్తరం.

తమరి వంశానికి వంక పెట్టను. నీళ్లలోంచి పైకి చూసే చేపకు లోకం ఎలా ఉంటుందో 1906లోనే రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త ఫొటో తీసి చూపించాడు. 1924 నాటికి రాబిన్ హిల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మబ్బులను గమనించడం కోసం ఆకాశమంతా ఒక్క ఫొటోలో పట్టే లెన్సు రూపొందించాడు. నికాన్ వారి 6 ఎంఎం పెద్దాయన 220 డిగ్రీలు చూసేవాడు, అంటే తన వెనక ఏముందో కూడా ఆయనకు తెలుసు. బరువు ఐదు కిలోల పైమాటే. ఆ ఇంట పుట్టి 8 నుంచి 15 ఎంఎం దాకా తిప్పుకునే జూమ్‌గా (ఎంఎం అంకె తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది), 2010లో కానన్ వారి ప్రకటనతో ఒకసారి, 2017లో నికాన్ వారి తరఫున ఇంకోసారి తమరు అవతరించారు. సంతోషం.

ఇక జూమ్ సంగతి. ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా మీద 8 దగ్గర పెడితే నల్లటి ఫ్రేము మధ్యలో లోకం గుండ్రంగా కనబడుతుంది. 15 దగ్గర పెడితే ఫ్రేము నిండుతుంది, మూల నుంచి మూలకు దాదాపు 180 డిగ్రీలు. రెండూ ముచ్చటగానే ఉంటాయి. మరి ఆ మధ్యలో? రింగు కాస్త తిప్పగానే గుండ్రం పైనా కిందా తెగుతుంది, మూలలు మాత్రం నల్లగానే ఉంటాయి. 11లో తీసిన ఫొటో చూపిస్తే కస్టమరు అడిగే మొదటి మాట, "ఇది కావాలనే ఇలా తీశారా?" లక్షకు పైగా పోసి కొన్న జూమ్‌కు నాన్‌స్టాప్ బస్సులాగా ఎక్కే చోటు ఒకటి, దిగే చోటు ఒకటి.

ఇంకో విచిత్రం. చవక క్రాప్ బాడీకి, అంటే చిన్న సెన్సార్ కెమెరాకు తగిలిస్తే 10 నుంచి 15 దాకా తమరు నిజంగానే జూమ్ అవుతారు. 10 కంటే కిందికి జారకుండా కానన్ వాళ్లు ఒక లిమిట్ మీట కూడా పెట్టారు. పెద్ద కెమెరా కొన్నవాడికి లేని భాగ్యం చిన్న కెమెరావాడికి! పైగా వాడి కోసం తమరికన్నా ఎంతో చవగ్గా టోకినా వారి 10-17 ఫిష్‌ఐ జూమ్ ఉండనే ఉంది.

పెళ్లిలో తమరి నిర్వాకం కూడా చెప్పుకుందాం. గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ బాబాయికి తలా కాళ్లూ లోపలికి, పొట్ట బయటికి. అసలే ఆయన పొట్ట గురించి ఇంట్లో గొడవలు. ఫ్రేము నడిమధ్య నుంచి పోయే గీతలే తమరి దగ్గర నిటారుగా నిలుస్తాయి కాబట్టి మధ్యలో ఉన్న పంతులుగారొక్కరే తిన్నగా ఉంటారు, మండపం స్తంభాలన్నీ విల్లులే. ఇక 8లో తీస్తే లైట్‌బాయ్ మోచెయ్యి, చెప్పులు విప్పి మండపమెక్కిన నా కాలివేళ్లు, అన్నీ ఆల్బమ్‌లో చేరతాయి.

15 సెంటీమీటర్ల దగ్గర్నుంచి ఫోకస్ చేస్తానని గొప్ప చెప్పుకుంటారు. ఆ కొలత సెన్సార్ నుంచి. లెన్సు పొడవూ బాడీ మందమూ తీసేస్తే అద్దం ముందు మిగిలేది రెండు వేళ్ల మందం. ఆ దూరంలో తలంబ్రాలు తీస్తుంటే పసుపు బియ్యం తిన్నగా వచ్చి తమరి ఉబ్బుగాజు మీదే పడతాయి. గాజును కాపాడే ఫిల్టరు ముందు బిగించడానికి మర కూడా లేదాయె. ఇంత కష్టపడి తీశాక పెళ్లికూతురి అత్తగారు, "ఫోన్లో పాయింట్ ఫైవ్ పెట్టినా ఇంతేగా బాబూ" అంటుంది. ఆమెకు ఫోను చూసే 120 డిగ్రీలకూ తమరి 180కీ తేడా వివరించే ఓపిక నాకు లేదు.

సాఫ్ట్‌వేర్లో గీతలు సరిచేసుకోవచ్చు కదా అంటారు తమరి అభిమానులు. వంకర కోసం లక్ష పోసి, ఆ వంకర తీయడానికి రాత్రంతా కూర్చోవాలా? గీతలు వంచని మామూలు 16-35 వైడ్ జూమ్ ఉన్నవాడు ఆపాటికి ఆల్బమ్ డెలివరీ ఇచ్చి నిద్రపోతుంటాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అండమాన్‌లో పగడాల మధ్య డైవింగ్ చేసేవాడికి తమరు కొనదగ్గవారే. అక్కడ వంగిపోవడానికి స్తంభాలుండవు, ఎంత దగ్గరికెళితే మధ్యలో నీరు అంత తగ్గి రంగు అంత బాగా వస్తుంది. 360 డిగ్రీల పనోరమాలు తీసేవాడికీ మూడు నాలుగు షాట్లతో పనైపోతుంది. చార్మినార్ కింద నాలుగు కమానుల మధ్య నిలబడి నెత్తిమీది కప్పు తీసేటప్పుడు నాక్కూడా తమరే కావాలనిపిస్తుంది. కాకపోతే చార్మినార్ నాకు అడ్వాన్సు ఇవ్వదు.

కనుక తమరిని కొనను. మాఘంలో ఒక సంగీత్ ఉంది, కుర్రకారు డాన్సు మధ్యలోకి దూరి తీయాలి. ఆ ఒక్కరోజుకు ఆధార్ జిరాక్సు, డిపాజిట్టు ఇచ్చి అద్దెకు తెచ్చుకుంటాను.

ఇట్లు,
తమరి ఒకరోజు యజమాని

తా.క.: ఆ రోజు ముందుండే తొడుగు, అదే హుడ్, ఊడదీసి రండి. 8 దగ్గర అదీ ఫొటోలో పడుతుంది. పెళ్లివారు దానికి ప్లేటు లెక్క వేయలేదు.