విశ్వవిద్యాలయ తంత్రీవాద్య ఉత్సవం వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఉత్సవం వారికి,

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దాపున పిల్లలకు వయొలిన్ పాఠాలు చెప్పుకొని బతికే ఒక మాస్టారు అనేక నమస్కారాలతో రాసుకొన్న విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు ఈ ఏడాది కూడా నిర్విఘ్నంగా జరిగిపోయి, ఫోటోలతో సహా ఫైలులోకి చేరి విశ్రాంతి తీసుకొంటున్నారని తెలిసి సంతోషించాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో వీణో వయొలినో పట్టిన పిల్లలందరినీ ఒక్క రోజు ఒక్క ప్రాంగణానికి రప్పించాలన్న సంకల్పం తమరిదే. అందులోనూ సంగీత శాఖ గాని, సంగీతం చెప్పే ఒక్క ఆచార్యుడు గాని లేని విశ్వవిద్యాలయం ఇందుకు పూనుకోవడం సామాన్యమైన ఔదార్యం కాదు. తమరు అవతరించేంతవరకు ఆ ఆవరణలో తంత్రులంటే కరెంటు తీగలూ, హాస్టలు పిల్లలు బట్టలారేసుకొనే తీగలూ మాత్రమే.

ఉన్నత పాఠశాల పిల్లలనే ఎంచుకోవడంలో తమరు చూపిన దూరదృష్టిని కూడా మెచ్చుకోవాలి. మా ప్రాంతంలో ఆ వయసు దాటితే తీగ వాద్యం వాయించేవారు దొరకరు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోగా వయొలిన్ అటక ఎక్కుతుంది, పిల్ల విశాఖపట్నం బస్సు ఎక్కుతుంది. ఎంపీసీ హాస్టల్లో తెల్లవారుజామున లేపేది స్టడీ అవర్‌కే గాని సాధకానికి కాదు. ఏడెనిమిదేళ్ల వయసులో సరళీ వరసలతో మొదలుపెట్టి, జంట వరసలూ అలంకారాలూ గీతాలూ దాటుకొని, పద్నాలుగో ఏటికి వర్ణాన్ని రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, నిలబెట్టగలిగిన చెయ్యి సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. ఆగిపోయే ముందు ఆ చేతిని ఒక మంచి వేదిక మీద, తనలాంటి వాళ్ల మధ్య, ఒక్కసారి వాయించుకోనివ్వడం గొప్ప పని. ఈ మాట వ్యంగ్యం కాదు. లేఖలో ఇలాంటి మాటలు మరొకటో రెండో ఉన్నాయి, అవేవో తమరే కనిపెట్టుకోవాలి.

తమరి మూలం అమెరికాలో ఉందని ప్రారంభ సభలో ఒక వక్త సెలవిచ్చారు. అది నిజమే. అక్కడి విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు చుట్టుపక్కల హైస్కూలు పిల్లలను పిలిచి, వాద్యాల వారీగా విడదీసి, వయొలిన్లను ఒక గదిలో, వయోలాలను ఇంకొక గదిలో, చెల్లోలనూ డబుల్ బాస్‌లనూ మరొక చోట కూర్చోబెట్టి, ఏ గదికి ఆ వాద్యం నేర్పే ఆచార్యుణ్ణి పంపి గంటల తరబడి సాధన చేయిస్తాయి. ఆ తరువాత అందరినీ ఒక్క వాద్యబృంద నిర్దేశకుడి చేతి కిందికి తెచ్చి, చివరికి తల్లిదండ్రుల ముందు కచేరీ చేయిస్తాయి. ఇందులో ఆ శాఖలకు స్వార్థం లేకపోలేదు, రేపు తమ దగ్గర చేరగల పిల్లలను ఇవాళే చూసుకొంటాయి. తమరు ఆ పద్ధతిలోంచి ఆచార్యులను తీసివేసి, గదులను తీసివేసి, సాధనను తీసివేసి, కచేరీని మనిషికి మూడు నిమిషాలకు కుదించి, భోజనాన్ని మాత్రం యథాతథంగా ఉంచారు. పులిహోర చాలా బాగుంది.

ముఖద్వారం దగ్గర కట్టిన ఫ్లెక్సీలోనూ ఆ మూలం పట్ల కృతజ్ఞత కనిపించింది. సుమారు డజను మంది పెద్దల ముఖాల మధ్య మిగిలిన జానెడు చోటులో ఒక తెల్లదొరల అమ్మాయి చెల్లో వాయిస్తూ ఉంది. బొబ్బిలి వైపు నుంచి కూతురి వీణను భుజాన మోసుకొచ్చిన ఒక తండ్రి దానిని చాలాసేపు చూసి, "ఆ పెద్ద ఫిడేలు మన వైపు ఎక్కడ నేర్పుతారండీ?" అని నన్ను అడిగాడు. ప్రస్తుతానికి ఫ్లెక్సీ మీదనే ఉందని చెప్పాను. వీణ బొమ్మ ఎక్కడుందని అతడు అడగలేదు, నేను చెప్పవలసిన అవసరం కలగలేదు.

ప్రారంభ సభ గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. పిల్లలు తొమ్మిదింటికల్లా హాజరు కావాలని ఉత్తర్వు. అతిథులు పదకొండున్నరకు దయచేశారు. ఆ తరువాత ఆ వేదిక మీద విజయనగరం రాజా విజయరామ గజపతిరాజు గారు 1919లో సంగీత కళాశాలను నాలుగుసార్లు స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసు గారు నాలుగుసార్లూ దానికి తొలి అధ్యక్షులయ్యారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాతికేళ్ల ప్రాయంలో వయొలిన్ ఆచార్యులుగా మూడుసార్లు చేరి, 1936లో రెండుసార్లు అధ్యక్ష పదవి స్వీకరించి, 1941లో సంగీత కళానిధి బిరుదును మాత్రం ఒక్కసారే అందుకొన్నారు. ఆ ఘట్టానికి వచ్చేసరికి మరో వక్తకు ఫోను వచ్చింది. ఇంత చరిత్రను నోట పలికిన పెద్దలలో ఒక్కరైనా, ఎదురుగా ముందు వరసల్లో పెట్టెలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న పిల్లల వైపు తిరిగి, మీలో ద్వారం వారి వాదనం విన్నవారెవరని అడిగినట్టు నాకు గుర్తు లేదు.

ఆ కళాశాల పుట్టుక గురించి మా ఊళ్లో చెప్పుకొనే కథ కూడా ఎవరికీ జ్ఞాపకం రాలేదు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కొడుకుకు చూపు లేదనీ, కాని పాటంటే ప్రాణమనీ తెలిసి, ఆ కుర్రవాణ్ణి నేర్చుకోవడానికి పరాయి ఊరు పంపే బదులు రాజావారు ఇక్కడే కళాశాల పెట్టించారని అంటారు. ఒక్క పిల్లవాడి కోసం ఒక కళాశాల. తమరు ఈ లెక్కను తిరగవేసి, ఒక్క సభ కోసం రెండు జిల్లాల పిల్లలను రప్పించారు.

సభ చివర ముఖ్య అతిథికి బొబ్బిలి వీణను బహూకరించారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వారు పనసమొద్దును తొలిచి, కుండనూ దండినీ ఏకాండీగా తీసి చేసే వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అటువంటి వీణను పిల్లల చేతికి ఇవ్వాలంటే ఖర్చు ఎక్కువ గనుక, గాజు పెట్టెలో ఇమిడే జానెడు వీణను అతిథి చేతికి ఇచ్చారు. దానికి బిరడలున్నాయి, అవి తిరగవు. మెట్లున్నాయి, అవి మోగవు. ఆ రోజు హాలులో శ్రుతి తప్పని వాద్యం అదొక్కటే.

ఇక శ్రుతి సంగతి. వీణకు మెట్ల మీద నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు తీగలు, మొత్తం ఏడు. మైనంలో పాతుకొన్న ఇరవైనాలుగు మెట్లు ఎవరి కోసమూ కదలవు కాబట్టి, ఈ ఏడు తీగలూ ఒక మాట మీదికి వస్తే గాని వాద్యం నోరు విప్పదు. పిల్లలు పొద్దున్నే వరండా ఉక్కలో కూర్చొని ఓపికగా శ్రుతి చేసుకొన్నారు. ఏసీ హాలులోకి రాగానే ఆ చల్లదనానికి తీగలు బిగుసుకొని స్వరం పైకి పోయింది. అది ఎలాగో సరిచేసుకొనేవారే. కాని వేదిక మీద మోగుతున్న ఎలక్ట్రానిక్ తంబురను ఉదయం ప్రార్థన పాడిన అమ్మాయి కోసం ఐదు శ్రుతిలో పెట్టారు, అది అక్కడే ఉండిపోయింది. నా భార్య దగ్గర నేర్చుకొనే తొమ్మిదో తరగతి పిల్ల మూడు శ్రుతిలో బిగించిన వీణతో వేదిక ఎక్కి, మీటి, తలెత్తి తంబుర వైపు చూసి, మళ్లీ మీటింది. మూడు నుంచి ఐదుకు లాగితే సారణి తీగ తెగుతుంది, తంబురను దించడమే మార్గం. పిల్ల మర్యాదగా మైకు సెట్టు అతన్ని అడిగింది. అతడు కూర్చున్న చోటు నుంచి లేవకుండా, "అది ముట్టుకోకమ్మా, సౌండు సెట్ చేసీసినాం" అన్నాడు.

నేను వేదిక ఎక్కి మీట తిప్పి తంబురను మూడుకు దించేసరికి రెండు నిమిషాలు దాటాయి. పిల్ల కళ్లు మూసుకొని, మోహనరాగ వర్ణం పల్లవి అందుకొంది. పల్లవి రెండో ఆవర్తంలోకి, అంటే తాళం రెండో చుట్టులోకి, వస్తూండగా గంట మోగింది. వ్యాఖ్యాత్రి పరుగున వచ్చి, శ్రోతలను మైమరపించిన వాదనమని ప్రకటించింది. చప్పట్లు కూడా పడ్డాయి. వెనక వరసలో నిలుచున్న తండ్రి నా దగ్గరికి వచ్చి, "ఏటి మాస్టారూ, అప్పుడే అయిపోనాదా? పిల్ల ఇంకా మొదలెట్టనేదనుకున్నాను" అన్నాడు. ఆయన నిర్ణయం వ్యాఖ్యాత్రి నిర్ణయం కంటే సంగీతానికి దగ్గరగా ఉంది.

తంబుర విషయంలో కనిపించని శ్రద్ధ ఫోటోల విషయంలో కనిపించింది. విశ్వవిద్యాలయాలను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చినప్పుడు విస్తరణ కార్యక్రమాలకు ఆధారాలు చూపాలనీ, ఆధారమంటే జియోట్యాగ్ ఉన్న ఫోటో అనీ నాకు ఆ రోజే తెలిసింది. ఒక యువ అధ్యాపకుడు ఫోను పట్టుకొని ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ ఒక నిమిషం సొంతంగా తీసుకొన్నాడు. వాయించడానికి దొరికిన వేళలో ఇది మూడో వంతు. నా శిష్యుడొకడు కమాను ఆడిస్తూ ఉంటే, "బాబూ, వాయించకు, చెయ్యి కదిలితే ఫోటో చెదిరిపోతుంది, కమాను తీగ మీద ఆనించి నవ్వుతూ ఉండు" అని బోధించాడు. వాడు అలాగే ఉన్నాడు. ఫోటో అడుగున తేదీ, సమయం, 18 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల పైచిలుకు తూర్పు రేఖాంశం దశాంశ స్థానాలతో సహా వచ్చాయి. ద్వారం వారి ఊరి కుర్రవాడు వయొలిన్ పట్టుకొని నిశ్శబ్దంగా ఎక్కడ నిలబడ్డాడో ఉపగ్రహం సాక్షిగా రుజువైంది.

మాస్టర్ క్లాసు ఇరవై నిమిషాలు సాగింది. పద్దెనిమిది నిమిషాలు విద్వాంసులవారి విదేశీ పర్యటనలకు సరిపోయాయి. మిగిలిన వేళలో ఒక కుర్రవాడు ధైర్యం చేసి, కమాను కొస దగ్గరికి వచ్చేసరికి నాదం వణుకుతోందండీ, ఏం చెయ్యమంటారని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. వేళ్ల పట్టు, మణికట్టు వాలు, కొస దగ్గర తగ్గే బరువును చూపుడువేలు ఎలా అందుకోవాలన్నది, ఇవన్నీ చేతిలో చెయ్యి పెట్టి చూపించవలసిన విషయాలు. "బాగా సాధన చెయ్యాలి నాన్నా" అని జవాబు వచ్చింది. దానికీ ఫోటో ఉంది.

ప్రశంసాపత్రాల మీద పేర్లు తప్పులు పడడం, వయొలిన్ వాయించినవాడికి వీణ అని రావడం వంటివి నేను ప్రస్తావించను, అవి ఏ ఉత్సవానికైనా సహజం.

వచ్చే ఏడాదికి నా కోరికలు చిన్నవే. తంబుర మీట తిప్పే అధికారం వాయించే పిల్లకు ఉండాలి. హాలు పక్కన ఒక గదీ, అందులో ఒక గంట వేళా ఇప్పించాలి. ప్రారంభ సభను సాయంత్రానికి మార్చి, అతిథులకు తలా మూడు నిమిషాలు ఇచ్చి, అదే గంట కొడితే ఇంకా బాగుంటుంది. తమరికి అమెరికా పద్ధతి మీద నిజంగానే మక్కువ ఉంటే, వీణలనూ వయొలిన్లనూ ఒక్క శ్రుతికి చేర్చి అందరి చేతా ఒకే గీతం వాయింపించవచ్చు. పాఠాల మొదట్లోనే నేర్పే మలహరి రాగ గీతాలు రాని పిల్ల వాళ్లలో ఉండదు, అంతమంది కలిసి వాయిస్తే ఎలా ఉంటుందో ఆ పిల్లలు ఎప్పుడూ విని ఉండరు. నేనూ వినలేదు.

ఇవేవీ కుదరని పక్షంలో, పిల్లలు వాద్యాలు తేనక్కరలేదని, నవ్వు ముఖంతో వస్తే చాలునని కరపత్రంలో ముందే అచ్చు వేయించవలసిందిగా ప్రార్థన. నాలుగడుగుల వీణను కుండ పగలకుండా, మెట్లు ఊడకుండా ఆర్టీసీ బస్సులో తీసుకురావడం తేలిక కాదు. పైగా కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొడతాడు. ఆ టికెట్టును ఈ లేఖతో జతపరుస్తున్నాను. ఒక వీణ తమరి ఉత్సవానికి వచ్చి వెళ్లిందనడానికి అది ఆధారంగా పనికిరావచ్చు. దాని మీద తేదీ, సమయం, ఎక్కిన చోటు, దిగిన చోటు ఉన్నాయి. అక్షాంశ రేఖాంశాలు లేవు; వాటిని ఫైలుకు తగినట్టు తమరే వేయించుకోగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక వయొలిన్ మాస్టారు,
విజయనగరం.