బరువు మెషిన్ గారికి

మహారాజశ్రీ బరువు మెషిన్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం లేదు. నిన్న 71.1 చూపించిన తమరు ఈరోజు పొద్దున్నే 72.4 అన్నారు. పడుకుని లేచినందుకు ఇంత జరిమానానా అండీ?

లేచినప్పుడు నేను బాగానే ఉన్నాను. తమరి మీద ఎక్కి దిగడానికి పట్టింది అయిదు సెకన్లు. ఆ తర్వాత అద్దంలో ఇంకెవరో కనిపించారు. (అద్దం సంగతి వేరే ఉత్తరంలో.) మధ్యాహ్నం పాత స్నేహితులంతా కలుసుకుంటున్నారు. నాలుగు డ్రెస్సులు మార్చి, అయిదోది సగం వేసుకుని మంచం మీద కూలబడ్డాను. "తలనొప్పి, రాలేను" అని మెసేజ్ పెట్టాను. వెళ్తే "ఏంటి, ఒళ్ళు చేశావ్" అనేవాళ్ళు ఒకరిద్దరు ఎలాగూ ఉంటారు. కానీ వాళ్ళకి ఆ అవకాశం కూడా ఇవ్వకుండా తమరే ముందు అనేశారు.

సాయంత్రం ఉక్రోషం పట్టలేక తమరికో పరీక్ష పెట్టాను. లీటరు నీళ్ళు గటగటా తాగి ఎక్కాను. కిలో పెరిగాను! ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నిలిచేది కూడా ఈ నీరే. నీరో, కండో, కొవ్వో తమరికి తెలియదు. చంద్రుడి మీద పెడితే ఆరో వంతే చూపిస్తారు. అక్కడ నేను ఆరింతలు మంచిదాన్ని అయిపోతానా?

ఎత్తుకి తగ్గ బరువుందో లేదో తేల్చే తమరి చుట్టం బీఎమ్ఐ గారూ అంతే. 1830లలో బెల్జియంలో క్వెట్లె అనే ఖగోళ శాస్త్రవేత్త జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూద్దామని వేసిన లెక్క అది. నన్ను తిట్టమని ఆయన చెప్పలేదు.

మనిషికి తన మీద తనకెంత గౌరవముందో కొలవడానికి రోసెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1965లో పది వాక్యాలు రాశాడు. పదింటిలో ఒక్కదాంట్లోనూ బరువు ఊసే లేదు. మరి ఆ ఉద్యోగం నీకెవరిచ్చారు? నేనే. అదే నా మంట! నువ్వు అరకిలో తగ్గించిన రోజు ఇంట్లో అందరితో ప్రేమగా మాట్లాడతాను, కూనిరాగం తీస్తాను. తలుచుకుంటే ఈ ఏడుపుకన్నా ఆ సంబరమే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నీ బ్యాటరీలు పీకి టీవీ రిమోట్‌లో వేశాను. ఛానెళ్ళు చక్కగా మారుతున్నాయి. రేపు పొద్దున రిమోట్ పనిచేయకపోతే మాత్రం నన్నెవరూ ఏమీ అడగొద్దు.

ఇట్లు,
72.4