నాలుగు వైర్లు, ఇరవై నాలుగు దారులు

పక్కింటి మామ్మగారి వడియాల సంగతికి తర్వాత వస్తాను. ముందు కారు గురించి చెప్పాలి.

మాది 1974 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఇటలీవాళ్ల ఫియట్ 1100 నమూనాలో బొంబాయి కుర్లాలో తయారైన బండి. పద్మిని అనే పేరు కంపెనీవాళ్లు పెట్టుకున్నదే గానీ, మా రాజమండ్రిలో దాన్ని ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు. అందరికీ అది ఫియటే. కొత్త కారు కావాలంటే బుక్ చేసుకుని ఏళ్ల తరబడి కాచుకోవాల్సిన రోజుల్లో, నాన్నగారు 1981లో ఒక డాక్టరుగారి దగ్గర దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. డాక్టరు చేతిలో ఉన్న బండికి రోగాలేముంటాయిలే అని తాతయ్య భరోసా ఇచ్చారట. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి ముందు సీటు బెంచీలా ఖాళీ. చిన్నప్పుడు నేనూ, చెల్లెలూ, ఒక్కోసారి పనసపండూ అందులోనే కూర్చునేవాళ్లం.

ఈ కారుకి 2024లో యాభై నిండాయి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చని 2021లో కేంద్రం రూల్సు తెచ్చింది. చేయిద్దామా అని అడిగితే నాన్నగారు పేపరు మడిచి, "తర్వాత రోజూ తిప్పొచ్చా?" అన్నారు. తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ, మరమ్మతుకీ పెట్రోలుకీ అయితే ఫరవాలేదన్నాను. "కాఫీపొడికి వెళ్లడం ప్రదర్శన కిందకి రాదుట్రా?" అన్నారు. ఆ ఫైలు అక్కడితో మూసేశాం. 2023 అక్టోబరులో ముంబయిలో చివరి పద్మిని టాక్సీలు రోడ్డు దిగిపోయాయని టీవీలో చూపించిన రాత్రి ఆయన కూర ముట్టలేదు, మజ్జిగన్నంతో లేచిపోయారు.

ప్రతి ఆదివారం పొద్దున్నే పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచడం నాన్నగారి నియమం. ఈ వేసవిలో ఆయనకి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు నెలలు కారు జోలికెళ్లే దిక్కు లేదు. ఇంతలో చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల తాతయ్య కార్లోనే మండపానికి వస్తానంది, ఫొటోలు బాగుంటాయట. తాళం పెట్టి తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు.

మా బండి నాడి తెలిసిన మెకానిక్ భాయ్ ఒక్కడే. డెబ్బై దాటాయి. ఫోన్ చేస్తే కూతురింటికి గుంటూరు వచ్చానన్నాడు. "శుక్రవారం దాకా రాలేను సార్. అప్పటిదాకా బండి ముట్టుకోకండి" అన్నాడు. ముట్టుకోవద్దన్న మాట రెండుసార్లు చెప్పాడు. నాకు కాస్త రోషం వచ్చింది.

ఎందుకంటే నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద విద్యుదయస్కాంత ప్రేరణ వివరిస్తున్నాను. కారులో ఇగ్నిషన్ కాయిల్ అంటే అదే కదా. పాయింట్లు తెరుచుకోగానే కరెంటు తెగుతుంది, తెగగానే రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి, అవి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవుతాయి. ఇంత తెలిసినవాణ్ణి ముట్టుకోకూడదా?

ఆదివారం ఏడు గంటలకి లుంగీ కట్టి బానెట్ ఎత్తాను. నాన్నగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. "పెట్రోలు, గాలి, నిప్పు. మూడింట్లో ఏదో ఒకటి అందట్లేదు. ముందు..." అని మొదలుపెట్టారు.

"మీరు రెస్ట్ తీసుకోండి నాన్నగారూ. నేను చూసుకుంటా" అన్నాను.

ఆయన సరే అని నోరు మూసుకున్నారు. ఆయన మాట అనకుండా ఊరుకున్నారంటే అది ఎంత ప్రమాదమో అప్పుడు తట్టలేదు.

బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుంది. వేణ్ణీళ్లు పోసి పాత బ్రష్షుతో తోమాను. అది పాతది కాదనీ, మా ఆవిడ నిన్ననే విప్పిందనీ తర్వాత తెలిసింది. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, చప్పరించి చూశాను. పెట్రోలు వస్తోంది. వస్తోందని మధ్యాహ్నం పెసరట్టులో కూడా తెలిసింది.

అంటే నిప్పు. నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్లు నల్లగా మసిబారి ఉన్నాయి. వాడకం లేక పట్టిన మురికి. ఉప్పు కాగితం ముక్కతో రుద్ది, గుడ్డతో తుడిచి, గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉందని ఫీలర్ గేజితో చూసి, మూత పెట్టేశాను. పావుగంట పని. చేతులు చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

"ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామా నాన్నా?" అన్నాడు మావాడు. ఇంటర్ సెకండ్ ఇయర్, ఎంపీసీ.

చూడాల్సింది. కాలేజీ ల్యాబులో ప్రతి ఏడాదీ మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట, ఒకసారి ఒక్కటే మార్చి చూడండి, రెండు మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు అని. ఆ మాట చెప్పే నోటితోనే, "చేతులెలాగూ పాడయ్యాయి, ప్లగ్గులు కూడా తుడిచేద్దాం" అన్నాను. నాలుగు ప్లగ్ వైర్లూ పీకేశాను. ప్లగ్గుల వైపు ఒక్కటే కాదు, దుమ్ము ఉందని మూత వైపు కూడా. నాలుగూ ఒకేసారి. తడిగుడ్డతో తుడిచి, గచ్చు మీద వరసగా ఆరబెట్టాను. అందంగా ఉన్నాయి. నాలుగూ నలుపే. నాలుగూ రబ్బరే. ఏది ఎక్కడిదో వాటికే తెలియాలి.

ఎక్కడ పెట్టాలో తెలియక, మనిషన్నవాడు ఎలా పెడతాడో అలా పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సెల్ఫ్ కొడితే బండి తుమ్మింది. మళ్లీ కొడితే దగ్గింది.

"ఇది పర్ముటేషన్ ప్రాబ్లమ్ నాన్నా" అన్నాడు మావాడు ఉత్సాహంగా. "నాలుగు వైర్లు, నాలుగు చోట్లు. ఫ్యాక్టోరియల్ ఫోర్. ఇరవై నాలుగు దారులు. ఒకదాంట్లో స్టార్ట్ అయి తీరాలి."

వాడు లెక్కల్లో ఇంత చురుగ్గా ఉండటం చూసి సంతోషపడ్డాను. టెస్టు పేపరు వెనక ఇరవై నాలుగూ రాసి, ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ ప్రయోగం మొదలెట్టాం. ఒక్కోదానికి వైర్లు మార్చడం, సెల్ఫ్ కొట్టడం, ఇంజన్ తిట్టడం. ఐదోది కాస్త ఆశ పెట్టింది. ఎనిమిదో దానికి సెల్ఫ్ గొంతు బొంగురుపోయింది. నాన్నగారు రేడియో సౌండు పెంచారు.

ఇక్కడ వడియాలు వస్తాయి. మా వాకిట్లో ఎండ బాగా పడుతుందని పక్కింటి మామ్మగారు ప్రతి ఏడూ బూడిద గుమ్మడికాయ వడియాలు మా దగ్గరే ఎండబెడతారు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండ. చాప మీద పాత పంచె పరిచి, దాని మీద తెల్లటి వడియాలు, వరసకి ఇరవై. ఆ చాప సరిగ్గా మా కారు వెనక ఉంది.

జరిగింది శాస్త్రీయంగా చెబుతాను. నిప్పు తప్పు సిలిండరుకి అందుతుంటే పెట్రోలు మండకుండా సైలెన్సర్లోకి పోతుంది. ఎనిమిది ప్రయత్నాల పెట్రోలు అక్కడ చేరింది. తొమ్మిదో ప్రయత్నంలో దానికి నిప్పు దొరికింది.

ధడేల్‌మంది. వేపచెట్టు మీది కాకులు లేచాయి. సైలెన్సర్లో ఏళ్ల తరబడి పేరుకున్న మసి ఒక్క ఊపున బయటికొచ్చి, చాప మీద సమానంగా పరుచుకుంది.

మామ్మగారు గోడ మీదుగా చూశారు. చాలాసేపు చూశారు. "గుమ్మడి నేను తెచ్చాను, బూడిద నువ్వు తెచ్చావు నాయనా" అన్నారు.

ఈలోపు గ్యాస్ సిలిండర్ పేలిందనుకుని వీధి వీధంతా వచ్చేసింది. ఇస్త్రీ బండి అతను, నీళ్ల టిన్నుల కుర్రాడు, ఎదురింటి రిటైర్డ్ తహసీల్దారుగారు. తహసీల్దారుగారు ఉద్యోగంలో ఉండగా అంబాసిడర్లలో, జీపుల్లో తిరిగినవారు కాబట్టి బానెట్‌లోకి తొంగిచూసి, "పంపు మీద తడిగుడ్డ వెయ్యండి" అని ఆదేశించారు. ఎండలో పెట్రోలు ఆవిరై పంపు పట్టేస్తే అది నిజంగా మంచి మందే. మాకున్న జబ్బు అది కాదు. అయినా ఆయన మాట కాదనలేక వేశాం.

అప్పుడు రేడియో ఆగింది. నాన్నగారు లేచి, తడుముకుంటూ మెట్ల దాకా వచ్చారు.

"వైర్లన్నీ ఒకేసారి పీకావా?"

పదో తరగతిలో సోషల్ మార్కులు అడిగినప్పుడు కూడా ఆ గొంతు అలాగే ఉండేది. అవునన్నాను.

"మూత మీద ఒకచోట ఎర్రచుక్క ఉంటుంది. అది ఒకటో నంబరు. అక్కణ్ణుంచి రోటరు తిరిగే వైపు వరసగా..." ఆయన ఆగి, వీధి చివరి వరకూ వినిపించేలా చెప్పారు. "ఒకటి! మూడు! నాలుగు! రెండు!"

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మావాడు అంతకన్నా గట్టిగా అరిచాడు. "తాతయ్య ఏటీఎం పిన్ను!"

నిజమే. పదకొండేళ్లుగా ప్రతి నెలా ఒకటో తారీకున ఆయన పెన్షన్ తీసేది నేనే. 1342 నొక్కుతూనే ఉన్నాను. ఇదేం నంబరు నాన్నగారూ అని ఒక్కసారీ అడగలేదు.

మూత మీద జిడ్డు గీకితే ఎర్రచుక్క నిజంగానే కనబడింది. మా అమ్మ దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇది నా గోళ్లరంగు" అంది.

ఎవరూ మాట్లాడలేదు.

"మద్రాసు నుంచి మా అన్నయ్య తెచ్చిన సీసా. ఒక్కసారి వేసుకున్నానో లేదో, పోయింది. నలభై ఏళ్లుగా మా తోటికోడలు తీసిందనుకుంటున్నా!"

నల్లకళ్లద్దాలు పెట్టుకున్న మనిషి మొహంలో ఏ భావమూ కనబడదు. నాన్నగారికి ఆపరేషన్ వల్ల జరిగిన మరో మేలు అది.

సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి నిప్పందుకునే వరస అదే. వైర్లు ఆ వరసలో పెట్టాను. బ్యాటరీ అప్పటికే చేతులెత్తేసింది. ఇస్త్రీ అతను, నీళ్ల కుర్రాడు, మావాడు వెనక నుంచి తోశారు. తహసీల్దారుగారు పక్కన నడుస్తూ "ఇంకా, ఇంకా" అన్నారు. రెండో గేరులో క్లచ్ వదలగానే బండి ఒక్క కుదుపు కుదిపి అందుకుంది. వీధి చివర మలుపు దాకా వెళ్లి వచ్చాను. అసలు రోగం పాయింట్ల మురికి, అది ఎనిమిదింటికే నయమైపోయింది. తర్వాతి నాలుగు గంటలూ నేను పెట్టిన రోగానికి వైద్యం. ఈ మాట మెకానిక్ భాయ్‌కి ఇంకా చెప్పలేదు. శుక్రవారం వచ్చి, బానెట్ ఎత్తి, వైర్ల వంక ఒకసారీ నా వంక ఒకసారీ చూసి, టీ అడిగాడు.

వడియాలు మా ఆవిడ మళ్లీ పెట్టింది, నేను గుమ్మడికాయ కోరాను. అమ్మ ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గానీ గంటన్నర మాట్లాడుకున్నారు.

సోమవారం నాన్నగారిని తీసుకుని ఏటీఎంకి వెళ్లాను. వీధి వీధందరికీ తెలిసిపోయిన నంబరు ఉంచుకోలేం కదా.

"కొత్తది ఏం పెట్టమంటారు?" అన్నాను.

"అంబాసిడర్‌ది పెడదామంటే అదీ ఇదే వరస" అన్నారు ఆలోచిస్తూ. మా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నాన్నగారి మొహం వెలిగింది. "పాత ఫోర్డు మోడల్ ఎ ఉందిరా. దానిది వేరు. ఒకటి! రెండు!..."

నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.